మాస్టర్ ప్లాన్ మన నీళ్లనీ నేలనీ ఏం చేస్తోందో మనమే కొలుచుకోవడం ఎలా

మా ఇంటి ముందుగది గోడ మీద ఒక బురద గీత ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో మా విజయవాడ పక్కగా పారే బుడమేరు వాగు నీళ్లు వచ్చి నిలిచిన మట్టం అది, నా నడుం పైకి వస్తుంది. తర్వాత రంగులు వేయించినప్పుడు ఆ గీత జోలికి మాత్రం వెళ్లొద్దని పెయింటరుకు చెప్పాను, ఎందుకంటే సింగ్ నగర్ వైపు ఇన్నేళ్లుగా ఉంటున్నా నీళ్ల గురించి మా ఇంట్లో ఉన్న లెక్క అదొక్కటే. అంతకుముందు మామూలు వానకి వీధిలో ఎంత లోతు నిలిచేది, ఎన్ని గంటలకి తీసేది, వెనకాల పొలాలు ప్లాట్లు కాకముందు ఎంత, అయ్యాక ఎంత అని ఎవరినడిగినా "ఇదివరకు ఇంత ఉండేది కాదండీ" అంటారు, అంతే. ఆ మాట నిజమే అయినా ఆఫీసులో టేబుల్ ముందు కూర్చుని చెప్తే ఎవరూ రాసుకోరు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అని కాగితం పెడితే కనీసం చదవాల్సి వస్తుంది.

అందుకే ఇది రాస్తున్నా. ఊరికి వేసిన ప్లాన్ వల్ల నీళ్లు, నేల, ఎండ, గాలి ఎలా మారుతున్నాయో ఒక కాలనీలో నలుగురు కలిసి ఏళ్ల తరబడి గమనించడం ఎలాగో చెప్తాను. ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు, ఓపిక మాత్రం కావాలి.

అసలు ప్లాన్‌ని గమనించడం అంటే ఏంటి

మాస్టర్ ప్లాన్ అంటే మ్యాపు మీద రంగులు. ఎక్కడ ఇళ్లు కట్టుకోవచ్చు, ఎక్కడ షాపులు, ఎక్కడ ఫ్యాక్టరీలు, ఏ పొలం పొలంగానే ఉండాలి, ఎక్కడ పార్కు, ఏ రోడ్డు ఎన్ని అడుగులు. మన దగ్గర ఇదివరకు వీజీటీఎం ఉడా (విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) చూసేది, 2014 చివర్లో దాని స్థానంలో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వచ్చింది, ఊరి లోపల బిల్డింగుల సంగతి వీఎంసీ (విజయవాడ నగరపాలక సంస్థ) టౌన్ ప్లానింగ్ వాళ్లది. రంగు వేయడం ఒకరోజు పని, దాని ఫలితం పదేళ్లకో పదిహేనేళ్లకో మన గుమ్మంలోకి వస్తుంది, మధ్యలో ఎవరు చూస్తున్నారన్నదే ప్రశ్న.

యూరప్ దేశాల్లో 2001లో ఒక చట్టబద్ధమైన ఆదేశం తెచ్చారు. ఇలాంటి ప్లాన్ అమల్లోకి వచ్చాక పర్యావరణం మీద పడే ముఖ్యమైన ప్రభావాలను ప్రభుత్వమే గమనిస్తూ ఉండాలి, అనుకోని నష్టం కనిపిస్తే మొదట్లోనే పట్టుకుని సరిచేయాలి అన్నది దాని సారం. మన దేశంలో 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ఉంది, కానీ అది విడివిడి ప్రాజెక్టులను చూస్తుంది, బిల్డింగులైతే 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటాకే, టౌన్‌షిప్ అయితే 50 హెక్టార్ల నుంచి పెద్ద కేటగిరీ. ఇప్పుడు ఆలోచించండి, అయిదేసి ఎకరాల వెంచర్లు ఇరవై పక్కపక్కనే పడితే వంద ఎకరాల మాగాణి మెరక అయిపోతుంది, కానీ ఏ ఒక్కదానికీ విడిగా పర్యావరణ అనుమతి అవసరం పడకపోవచ్చు. ఇరవై కలిపితే ఎంతైందో కూడి చూసేవాళ్లు లేరు. ఆ కూడిక మనం చేయాలి.

మ్యాపు సంపాదించండి, తర్వాత మీ ముక్క ఎంచుకోండి

ముందు ప్లాన్ చేతిలో ఉండాలి. సీఆర్‌డీఏ, వీఎంసీ వెబ్‌సైట్లలో దొరికినంత డౌన్‌లోడ్ చేసుకోండి, దొరకనిది సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలుకి వెళ్లొచ్చు. నాకు ఒక ఆఫీసులో మా వెనక డ్రెయిన్ రికార్డు వెడల్పు ఎంతో చెప్పడానికి నెలల తరబడి తిప్పారు, నోటితో అడిగినన్నాళ్లూ తిప్పారు, రాతలో దరఖాస్తు పెట్టాకే కదిలింది. కాబట్టి మొదటి రోజే రాసివ్వండి, రసీదు తీసుకోండి.

ప్లాన్‌తో పాటు మూడు కాగితాలు కావాలి. మీ చుట్టుపక్కల సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు (సర్వే వాళ్లు పొలం కొలిచి గీసిన పటాలు; వాగు, డొంక, పంట బోదె ఎక్కడ ఎంత వెడల్పున ఉండాలో అందులో ఉంటుంది), గ్రామ పటం, ప్లాన్ వచ్చాక ఇప్పటిదాకా వచ్చిన డ్రాఫ్ట్ వేరియేషన్ (జోన్ మార్పు) నోటీసులు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. వ్యవసాయ జోన్‌లో ఉన్న భూమిని నివాస జోన్‌కి మార్చాలంటే పేపర్లో ప్రకటన వేసి అభ్యంతరాలు, సలహాలు అడుగుతారు, గడువు అందులోనే రాసి ఉంటుంది, అది రోజుల్లోనే ఉంటుంది కాబట్టి వారానికోసారి ఎవరో ఒకరు చూడాలి. ప్లాన్ మొదట వేసిన రంగు ఏంటి, తర్వాత ఎన్ని ఎకరాలకు మారింది అని ఒక నోట్‌బుక్‌లో సర్వే నంబరుతో సహా రాసుకుంటూ పోండి. మూడేళ్లకి అదే పెద్ద సాక్ష్యం అవుతుంది.

ఇక ముక్క ఎంచుకోవడం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, వార్డుని యూనిట్‌గా తీసుకుంటారు. నీళ్లకి వార్డు హద్దులు తెలియవు కదా. మీ వీధి నీళ్లు ఏ కాలువలోకి పోతాయో, ఆ కాలువలోకి ఇంకా ఎవరెవరి నీళ్లు వస్తాయో అదంతా కలిపి ఒక ముక్క. వానాకాలంలో గొడుగేసుకుని ఒకసారి నడిచారంటే గంటలో అర్థమైపోతుంది. మా వైపు సంగతే చెప్తాను. బుడమేరు వరదని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి డైవర్షన్ కాలువలోకి మళ్లించి ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలుపుతారు. కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీళ్లు ముందుకు లాగవు. 2024లో రెండూ కలిసొచ్చాయి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఇటు డైవర్షన్ కాలువకి గండ్లు. పాత బుడమేరేమో ఊరికి ఉత్తరం పక్కగా వచ్చి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దాటి, కొల్లేరు దారి పడుతుంది. అంటే పాయకాపురంలో ఉన్నవాళ్లు ఎనికేపాడు దగ్గర ఏం జరుగుతోందో కూడా చూసుకోవాలి, అక్కడ దారి ఇరుకైతే నీళ్లు వెనక్కి తన్నేది ఇక్కడికే. ఆ వరద మొత్తానికి ప్లానే కారణమని నేను అనడం లేదు, అంత వాన పడితే ఏ ఊరైనా మునుగుతుంది. కానీ అరడుగు నిలవాల్సిన చోట మూడడుగులు నిలిస్తే, రెండు రోజుల్లో తీయాల్సింది వారం ఉంటే, ఆ తేడాలో మనం భూమిని వాడుకున్న తీరు ఉంటుంది.

మంగళగిరి, ఉండవల్లి వైపు వాళ్లకి కొండవీటి వాగు, గుంటూరు వాళ్లకి వాళ్ల ఊరి డ్రెయిన్లు. పద్ధతి ఒకటే.

మొదటి మెట్టు: ఇప్పుడు ఎలా ఉందో రాసిపెట్టుకోవడం

మారిందని చెప్పాలంటే మారకముందు ఎలా ఉందో చూపించాలి. పోయిన రోజుల్ని మనం కొలవలేం కానీ శాటిలైట్లు ఫొటోలు తీసి పెట్టాయి. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, ఉచితమే. పైన గడియారం గుర్తు నొక్కితే పాత సంవత్సరాల ఫొటోలు వస్తాయి. మీ ముక్క చుట్టూ గీత గీసి, ఒక్కో ఏడాదికి అయిదు అంకెలు తీయండి: పొలం ఎన్ని ఎకరాలు, ప్లాట్లు వేసి ఖాళీగా ఉన్నది ఎంత, కట్టేసింది ఎంత, చెరువు, కాలువ ఎంత, చెట్లు ఎంత. ఇవే అయిదు కాలమ్‌లు ప్రతి ఏడాదీ నింపుతారు. ఇంకాస్త నేర్చుకునే ఓపిక ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు చూపించండి, 2015 నుంచి ఉన్నాయి, 10 మీటర్ల వివరం, దాదాపు అయిదు రోజులకోసారి కొత్త బొమ్మ. అంతకు వెనక్కి వెళ్లాలంటే అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్, 1980ల నుంచి 30 మీటర్ల వివరంతో దొరుకుతుంది. ఇస్రో వాళ్ల భువన్ కూడా చూడండి.

అయితే మన డెల్టాలో ఒక చిక్కుంది, ఇది తెలియక బయటివాళ్లు చేసిన మ్యాపులు తప్పుల తడకగా వస్తాయి. జులై, ఆగస్టులో నాట్లప్పుడు మడి నిండా నీళ్లుంటాయి కాబట్టి పొలం మొత్తం చెరువులా కనిపిస్తుంది. జనవరిలో మినుము పచ్చగా ఉంటుంది. మేలో అదే పొలం ఎండి బీడు పడి, ప్లాట్లు వేసిన స్థలంలాగే తెల్లగా ఉంటుంది. జులై బొమ్మని మే బొమ్మతో పోల్చారంటే "చెరువు మాయమైపోయింది" అని రాసేస్తారు. అందుకని ఏ ఏడాదైనా ఒకే నెల పట్టుకోండి, నేనైతే జనవరి నెలాఖరు తీసుకుంటాను, మబ్బులూ ఉండవు, పైరుకీ ప్లాటుకీ తేడా తెలుస్తుంది. కృష్ణలో ఇసుక దిబ్బలు కూడా కాంక్రీటులా మెరుస్తాయి, వాటిని ముందే పక్కన పెట్టేయండి. అనుమానం వచ్చిన ప్రతి చోటికీ బండేసుకుని వెళ్లి కళ్లతో చూసి రండి.

నీళ్లు: మీ టైంలో సగం ఇక్కడే పెట్టండి

బెజవాడలో పది విషయాలు కొలిచే శక్తి మీకు లేకపోతే, ఒక్కటే కొలవగలిగితే, నీళ్లు కొలవండి. మిగతావన్నీ తర్వాత.

ముందు మెరక లెక్క అర్థం చేసుకోండి, ఎందుకంటే మన ఊళ్లో ల్యాండ్ యూజ్ మార్పు అంటే ఆచరణలో మెరక తోలడమే. ఎకరం వరిచేను తీసుకోండి. గట్టు అరడుగు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు అనుకుందాం, పైరుకి పెట్టిన నీళ్లు 5 సెంటీమీటర్లు. ఇంకో 10 సెంటీమీటర్లు ఖాళీ ఉంది. అంటే 100 మిల్లీమీటర్ల వాన కురిసినా ఆ మడి గట్టు దాటకుండా తనలోనే పట్టుకోగలదు. ఎకరానికి అది నాలుగు లక్షల లీటర్లు, సెంటుకి నాలుగు వేల లీటర్లు. ఇప్పుడు అదే ఎకరంలో మూడడుగులు మట్టి తోలి, సీసీ రోడ్లేసి, స్లాబులు పోసి, ప్రహరీలు కట్టి, వాకిళ్లు కూడా సిమెంటు చేసేశారు. వాన అంతే, 100 మిల్లీమీటర్లే. అందులో ఎనభై తొంభై శాతం బయటికి పరుగెత్తుతుంది, అంటే ఎకరానికి మూడు, మూడున్నర లక్షల లీటర్లు, అదీ గంటా రెండు గంటల్లో. ఎక్కడికి పోతాయి? పక్కనే పల్లంగా మిగిలిపోయిన పాత కాలనీలోకి. వెంచర్ బ్రోచర్లో "హై లెవెల్ ప్లాట్స్" అని వేస్తారు చూశారా, దానర్థం పక్కవాళ్లు లో లెవెల్ అయ్యారని.

ఆ మెరక ఎంత ఎత్తో కొలవడానికి సర్వేయరు అక్కర్లేదు. మేస్త్రీలు పునాది మట్టం చూసుకునే లెవెల్ పైపు చాలు. వేలంత లావున్న, లోపల నీళ్లు కనిపించే ప్లాస్టిక్ ట్యూబు 15, 20 మీటర్లు కొనండి. బకెట్టు ఎత్తులో పెట్టి నీళ్లు లాగి నింపండి, ట్యూబులో ఎక్కడా గాలిబుడగ ఉండకూడదు, బుడగ ఉంటే లెక్క మొత్తం తప్పుతుంది, అందుకే ఒకరు ట్యూబు పొడవునా వేళ్లతో చూసుకుంటూ బుడగల్ని తట్టి పైకి పంపాలి. నీళ్లలో కాస్త నీలం కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది. ఒక కొస మీరు మీ రోడ్డు మీద నిలువుగా పట్టుకోండి, రెండో కొస ఇంకొకరు కొత్త ప్లాట్ల దగ్గర పట్టుకోవాలి. పట్టుకున్నప్పుడు కొసలు బొటనవేలితో మూయకండి, తెరిచే ఉంచాలి. నీళ్లు ఊగడం ఆగేదాకా ఆగండి. రెండు వైపులా నీళ్ల మట్టం ఒకటే ఎత్తు, ఆ మట్టం నుంచి కింద నేలదాకా టేపుతో కొలవండి. మీ వైపు 140 సెంటీమీటర్లు, అటు 55 వచ్చిందనుకోండి, వాళ్ల నేల మీకన్నా 85 సెంటీమీటర్లు మెరక. దూరం ఎక్కువైతే అంచెలంచెలుగా ముందుకు జరపండి. ఇద్దరు మనుషులు, ఒక ఆదివారం పొద్దున, అంతే పని. కొలిచిన చోట్లకి గుర్తు పెట్టుకోండి, వచ్చే ఏడాది అవే చోట్ల మళ్లీ కొలవాలి.

రెండోది కల్వర్టు. మీ ముక్కలో నీళ్లన్నీ వచ్చి చేరే కల్వర్టు ఒకటి ఉంటుంది, దాని గోడ మీద అడుగు నుంచి పైదాకా 10 సెంటీమీటర్లకొక గీత తెల్ల ఎనామిల్‌తో వేయండి, వార్డు సచివాలయంలో ఒక మాట చెప్పి వేయండి, తర్వాత ఎవరూ అడ్డు చెప్పరు. వాన పడినప్పుడు ఎవరి ఇల్లు దగ్గరైతే వాళ్లు అరగంటకోసారి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. మేడ మీద ఒక వానమాపకం పెట్టుకోండి, లేదంటే నిలువు గోడలున్న వెడల్పాటి డబ్బా ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిచినా పనికొస్తుంది. రాసుకోవాల్సినవి ఇవి: వాన ఎన్ని మిల్లీమీటర్లు, ఎంతసేపు, కల్వర్టు దగ్గర గరిష్ఠ మట్టం, వాన ఆగాక వీధి ఖాళీ అవడానికి పట్టిన గంటలు. వీటిలో నేను ప్రాణం పెట్టేది చివరిదానికి. అంతే వానకి నీళ్లు తీసే సమయం ఏటికేడు పెరుగుతోందంటే ఎక్కడో దారి మూసుకుపోతోందని అర్థం.

ప్రవాహం కూడా లెక్క కట్టొచ్చు. డ్రెయిన్‌లో తిన్నగా ఉన్న చోట 10 మీటర్లు కొలిచి, పైన నిమ్మకాయ వేసి, కిందకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 20 సెకన్లు పడితే సెకనుకి అర మీటరు, పైపైన నీళ్లు వేగంగా పోతాయి కాబట్టి 0.85తో గుణించండి. డ్రెయిన్ 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉంటే సెకనుకి 425 లీటర్లు, అంటే 15 క్యూసెక్కులు. ఇది మూడు నాలుగుసార్లు చేసి సగటు తీసుకోండి. మీ డ్రెయిన్ ఎంత మోయగలదో తెలిస్తే, పైన ఇంకో పది ఎకరాలకి అనుమతి ఇస్తామన్నప్పుడు ఇందాకటి ఎకరం లెక్కతో పోల్చి చూపించొచ్చు.

మూడోది కాలువ గట్టు. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగు, నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 2 మీటర్లు, 10 హెక్టార్లు దాటిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. సవరణలు వస్తుంటాయి కాబట్టి ఫిర్యాదు రాసేముందు తాజాది చూసుకోండి. ఏడాదికి రెండుసార్లు టేపు పట్టుకుని నడవండి, వంద మీటర్లకొక చోట కాలువ వెడల్పు, గట్టు వదిలిన జాగా కొలవండి, ఎఫ్‌ఎంబీ అంకెతో పక్కపక్కన రాయండి. వీలైతే ఆ కాలువ మీద పనిచేసి రిటైరైన లస్కర్‌ని (కాలువ నీళ్లు, తూములు చూసుకునే ఉద్యోగిని) తీసుకెళ్లండి. ఏ తూము ఎక్కడ పూడిపోయిందో, ఏ బోదె మీద ఎవరి షెడ్డు కూర్చుందో ఆయనకి తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు. ఆ జ్ఞానం ఆయనతోనే పోకముందే రాసుకోవాలి.

బావులు, బోర్లు

పొలం సిమెంటు అయితే ఇంకే నీళ్లు తగ్గుతాయి, మనుషులు పెరిగితే తోడేది పెరుగుతుంది. మీ ముక్కలో ఒక నాలుగైదు పాత బావులో, వాడని బోర్లో ఎంచుకుని ఏడాదికి కనీసం రెండుసార్లు, మే చివర్లో ఒకసారి, నవంబరులో ఒకసారి నీటిమట్టం కొలవండి. తాడుకి బరువు కట్టి దించితే చాలు. మోటారు ఆపేసి కనీసం కొన్ని గంటలయ్యాకే కొలవాలి, లేకపోతే తోడిన గుంత మట్టాన్ని ఊరి మట్టం అనుకుంటారు. భూగర్భ జలశాఖ వాళ్ల పరిశీలక బావుల అంకెలు కూడా దొరుకుతాయి, పక్కన పెట్టి చూసుకోండి.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు ఒకటి కొని అదే బావుల్లో చూడండి. తాగే నీళ్ల ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కులేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఏడాదికోసారి ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపి నైట్రేట్ చూపించండి, 45 దాటకూడదు. డ్రైనేజీ లేకుండా సెప్టిక్ ట్యాంకులతో నిండిపోయిన కొత్త కాలనీల పక్కన నైట్రేట్ పెరుగుతుంటే అది ప్లాన్ చేసిన పనే, ఇళ్లకి రంగు వేసి మురుగుకి దారి వేయలేదన్నమాట.

ఎండ, కొండ, గాలి

రోహిణి కార్తెలో బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకి చెప్పేదేముంది. కానీ ప్లాన్ వల్ల పెరిగింది ఎంతో పట్టుకోవాలంటే మధ్యాహ్నం కంటే రాత్రి కొలవండి. రాత్రి తొమ్మిదికి చెట్లున్న కాలువగట్టు పక్కన, కొత్త సీసీ రోడ్డు మధ్యలో ఒకేరకం థర్మామీటర్లు నేల నుంచి ఒకే ఎత్తులో పెట్టి రెండు వారాలు రాయండి. సిమెంటు పగలంతా తాగిన వేడిని అప్పుడు కక్కుతుంది, తేడా తేటగా కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ వేడి మ్యాపులు మంచివే, కానీ అవి మన మీదుగా పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్తాయి, పైగా ఉత్త రాతికొండ కూడా ఎర్రగా కనిపిస్తుంది, గాభరా పడకండి.

కొండ సంగతి వేరే చెప్పాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొండ మీద, కొండ అంచున ఇళ్లున్న చోట ప్రతి వానాకాలం ముందూ రాళ్ల పగుళ్లకి అడ్డంగా పెయింటుతో రెండు చుక్కలు పెట్టి మధ్య దూరం రాసుకోండి, వానాకాలం అయ్యాక మళ్లీ కొలవండి. పెరిగితే ఆ రోజే వీఎంసీకి ఫోన్ చేసి, ఫొటోతో రాతలో కూడా ఇవ్వండి. కొత్తగా తవ్విన చోట్లు, గోడలోంచి కొత్తగా ఊరుతున్న నీళ్లు కూడా రాయండి. ఇందులో ఏడాది చివరి రిపోర్టుదాకా ఆగడం అనేది ఉండదు.

గాలికి మనం పెద్దగా కొలవాల్సిన పని లేదు, విజయవాడ, గుంటూరు రెండూ జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న ఊళ్లే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్‌లో రోజువారీ అంకెలు వస్తాయి. గాలిలో సన్న ధూళి, అంటే పీఎం 2.5, రోజు సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు, కాస్త ముతకదైన పీఎం 10 అయితే 100. మీరు చేయాల్సిందల్లా ఆ అంకె పక్కన మీ వైపు మెరక లారీలు తిరిగిన రోజులు, చెత్త తగలబెట్టిన రోజులు రాసుకోవడం. శబ్దం మాత్రం ఇళ్ల జోన్‌ని వాణిజ్య జోన్‌గా మార్చిన రోడ్ల మీద తప్పక చూడండి, ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, వాణిజ్య ప్రాంతమైతే 65, 55. జోన్ పేరు మారితే మీ నిద్రకి ఉన్న హక్కు కూడా పది డెసిబెల్స్ తగ్గుతుందన్నమాట, ఇది చాలామందికి తెలియదు.

ఎప్పుడు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకోండి

కొలతలు పేరుకుపోతాయి, ఎవరూ ఏమీ చేయరు. అలా కాకుండా ఉండాలంటే మొదటి రోజే, ఇంకా ఎవరి మీదా కోపం లేనప్పుడే, హద్దులు పెట్టుకోవాలి. ఉదాహరణకి: 50 మిల్లీమీటర్ల వానకి వీధి ఖాళీ అయ్యే సమయం మొదటి ఏడాది కంటే సగం ఎక్కువైతే వీఎంసీ ఇంజనీరింగ్ వాళ్లకి లేఖ. కాలువ వెడల్పు రికార్డు కంటే తగ్గిన చోటు ఒక్కటి కనిపించినా నీటిపారుదల శాఖకీ, టౌన్ ప్లానింగ్‌కీ ఫొటోతో ఫిర్యాదు. ప్లాన్‌లో పొలమని ఉన్నచోట మెరక మొదలైతే అదే వారంలో సీఆర్‌డీఏకి. లేఅవుట్లో వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలంలో షెడ్డు లేస్తే వెంటనే. ఈ హద్దులు మీ కాలనీకి తగ్గట్టు మీరే పెట్టుకోండి, కానీ పెట్టుకున్నాక మధ్యలో మార్చకండి, మారిస్తే మీ లెక్కలు ఎవరూ నమ్మరు.

లేఖలో ఆవేశం తగ్గించి, ప్లాన్‌లో ఏముంది, మేం కొలిచింది ఏంటి, ఎప్పుడెప్పుడు, ఏం కోరుతున్నాం అనే నాలుగు ముక్కలు రాయండి. మీకు అనుకూలంగా లేని అంకెలు కూడా దాచకుండా పెట్టండి. నీళ్లు త్వరగా తీసిన వాన ఉంటే అదీ ఉండాలి, కాలువ పూడిక తీశాక మట్టం తగ్గితే ఆ సంగతీ రాసి, తీసినవాళ్లకి థాంక్స్ చెప్పండి. డ్రాఫ్ట్ వేరియేషన్ నోటీసు వచ్చినప్పుడు ఈ షీట్లే జతచేసి అభ్యంతరం వేయండి, "మాకు ఇష్టం లేదు" అన్న యాభై సంతకాల కంటే మూడేళ్ల కల్వర్టు మట్టాలు బలంగా ఉంటాయి. పెద్ద ప్రాజెక్టులు ఏవైనా మీ ముక్కలో ఉంటే కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్‌లో వాటి అనుమతి షరతులు, ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన నివేదికలు చూడండి, అందులో రాసిందీ మీరు కళ్లతో చూసిందీ ఒకటేనా అని. అన్నీ అయ్యాక కూడా కదలకపోతే చెన్నైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది, సమస్య తలెత్తిన ఆరు నెలల లోపు వెళ్లాలి, అందుకే తేదీలు అంత జాగ్రత్తగా రాయమంటున్నా.

పని పంచుకోవడం గురించి ఒక్క మాట. ఒక్కరే మోస్తే ఏడాదికే ఆగిపోతుంది, మా దగ్గర మొదట అదే అయింది. కల్వర్టు ఫొటోలు ఒకరికి, బావులు ఒకరికి, శాటిలైట్ కాలేజీ పిల్లలకి, నోటీసులు రోజూ పేపరు మొత్తం చదివే రిటైర్డ్ మాస్టారికి. నోట్‌బుక్ ఒకటి, దాని ఫొటోలు ముగ్గురి ఫోన్లలో. ఎందుకంటే 2024లో మా వీధిలో చాలా ఇళ్లలో మొదట తడిసింది కాగితాలే.

నైరుతి జూన్‌లో వచ్చేస్తుంది. ట్యూబు, టేపు, తెల్ల ఎనామిల్ డబ్బా మే రెండో వారానికల్లా కొనేయండి, ఎండలోనే కల్వర్టు గోడ పొడిగా ఉంటుంది, గీతలు నిలుస్తాయి. మే చివర్లో బావుల మట్టం కూడా కొలిచేస్తే మొదటి పేజీ నిండుతుంది.